కనిపెట్టడం నేర్పిన దేవదాసు అయ్యగారు

ఈ వారం వీడియోలో చెప్పుకున్న ముంగమూరి దేవదాసు అయ్యగారు మన రాజమండ్రి దగ్గర జేగురుపాడులో పుట్టారు. చాలా ఏళ్లు లూథరన్ సంఘంలో సేవ చేశారు. తల నెరిశాక, 1938లో, ఆ అండ వదులుకుని బైబిలు మిషను మొదలుపెట్టారు. అడిగేసి లేచిపోకుండా దేవుని సన్నిధిలో కనిపెట్టాలని 1960లో ప్రభువు దగ్గరికి వెళ్లేదాకా నేర్పారు.

నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. ఆమేన్ అనగానే ఫోన్ తీసేవాణ్ణి. మొన్న కోపంతో రాజీనామా మెయిల్ టైప్ చేశాను. అయ్యగారు గుర్తొచ్చి అరగంట మోకాళ్ల మీదే ఉండిపోయాను. ఉండాలా, మానాలా అన్నదానికి జవాబు ఇంకా రాలేదు. కానీ కోపం దిగింది, మెయిల్ పంపలేదు. ఆత్మీయంగా ఎదగడం ఇక్కడే మొదలవుతుందేమో!

దేవుడు మిమ్మల్ని దీవించును గాక. ఆమేన్.