పల్వంకర్ బాలూ గారు

ఏటేట మన పాఠశాల జట్టు పొరుగూళ్లకు పందెములకై పోవు దినములు సమీపించినపుడు, ఎవరిని తీసికొనిపోవలయు, ఎవరిని విడువవలయు నను ప్రశ్న మాకు భారమై తోచును. పేరులు ప్రకటించిన సాయంకాలమున కొందఱు బాలురు గంతులు వేయుదురు. కొందఱు కన్నీరు దాచుకొందురు. ఈ యిరుతెగలవారి కొఱకును బాలూగారి చరిత్రమును సంగ్రహముగా వ్రాయుచున్నాము.

బాలూగారు ధార్వాడమున జన్మించిరి. నాడు అస్పృశ్యులుగా నెంచబడిన చర్మకార కులము వారిది. 1892 ప్రాంతమున పూనాలోని దొరల క్లబ్బునందు, మైదానమును చదునుచేసి వలలు గట్టు పనికి నెలకు నాలుగు రూపాయల జీతముపై కుదిరిరి. దొరలు తమ యభ్యాసమునకై వారిచే బంతులు వేయించుకొనుచుండిరి. గంటలకొలది ఎడమచేతితో నెమ్మదిబంతులు వేసి వేసి వారు ఆ విద్యయందు నిపుణులైరి. బ్యాటు మాత్రము వారిచేతి కెవరును ఈయరైరి.

పూనా హిందువుల జట్టు దొరలను గెలువగోరి, ఎంతో వాదము జరిగిన పిమ్మట, బాలూగారిని చేర్చుకొనెను. మైదానమున వారు తాకిన బంతినే అందఱును తాకిరి. విరామవేళ మాత్రము వారికి తేనీరు వెలుపల మట్టిపాత్రలో నిచ్చిరి. పిమ్మట వారు బొంబాయి చేరిరి. 1906లో హిందువులు ఐరోపీయులను 109 పరుగులతో ఓడించుటలో వారు ముఖ్యులైరి.

1911లో పటియాలా మహారాజుగారి నాయకత్వమున భారతీయ జట్టు ఇంగ్లండునకు పోయెను. అందు బాలూగారికిని, వారి తమ్ముడు శివరామునకును స్థానము లభించెను. ఆ జట్టు పెక్కు పందెములలో ఓడినను, బాలూగారు ఆ యాత్రలో 114 వికెట్లు తీసిరి. ఓడు జట్టునందును తన పని తాను విడువక చేయుటయే వారి గొప్పతనము.

ఇంతటివారికి హిందువుల జట్టు నాయకత్వము ఏండ్లతరబడి దక్కలేదు. కారణము కులమే. 1920లో వారిని జట్టునుండియే తొలగింపగా, తమ్ములు శివరాము, విఠలులు తమ స్థానములను తామే విడిచిరి. తుదకు పెద్దలు దిగివచ్చి బాలూగారిని ఉపనాయకునిగా జేసిరి. 1923లో విఠలుగారు నాయకులుకాగా హిందువులు జయమందిరి. అన్నకు మూసిన తలుపు తమ్మునకు తెఱవబడెను. బాలూగారు 1955లో బొంబాయిలో కాలధర్మము నొందిరి.

ఈ చరిత్రము మొదట మాబోటి ఉపాధ్యాయులను హెచ్చరించుచున్నది. బాలుడు ఎవరి కుమారుడని గాక, ఎట్లాడునని, అభ్యాసమునకు క్రమముగ వచ్చునా యని చూచుటయే న్యాయము. తలిదండ్రులు తమ బిడ్డకై సిఫారసు తెచ్చునపుడు, ఆ స్థానము మఱియొకరి బిడ్డ చెమటతో సంపాదించినదేమో యని తలపవలయును. ఎన్నికైన బాలుడు తుదిపందెము వఱకు జట్టును విడువరాదు. తోటివానికి అన్యాయము జరిగినచో మౌనముగ నుండరాదు. ఎన్నిక కాని బాలుడా! నీవు మఱునాడు సాయంకాలము బంతి పట్టుకొని మైదానమునకు రమ్ము. నిన్ను చూడకుండుట మా తప్పైనచో, దానిని దిద్దుకొనుట మా విధి.