శీతలలోకపు శోధకుడు – కామర్లింగ్ ఓన్స్

మన మణుగూరు గనులలోని బొగ్గు విద్యుత్తుగా మారి తీగల వెంట దూరమునకు పోవునప్పుడు కొంత శక్తి ఆ తీగలను వేడిచేసి వృథా అగుచున్నది. లోహమునందలి ఈ నిరోధము మిక్కుటమైన చలిలో పూర్తిగా మాయమగునని మొదట కనుగొన్నవారు డచ్చి శాస్త్రజ్ఞులు హైకె కామర్లింగ్ ఓన్స్. ఆ వరమునకు గల హద్దును కూడ ఆయనయే కనుగొనవలసి వచ్చెను. మేము చెప్పదలచినది ముఖ్యముగా ఆ రెండవ కథ.

ఓన్స్ 1853లో గ్రోనింగెన్ పట్టణమున జన్మించిరి. తండ్రికి పెంకుల కర్మాగారముండెను. 1882లో లైడెన్ విశ్వవిద్యాలయమున ఆచార్యులైరి. ఆయన ప్రయోగశాల నిలిచిన చోటనే 1807లో మందుగుండు నావ పేలి పలువురు మరణించిరి. ఆ భయముతో 1895లో పురపాలకులు వాయువులను అధిక పీడనమున నిలువచేయరాదని అడ్డుతగిలిరి. సుమారు మూడేండ్లు పని కుంటువడెను. 1898లో లండనులో డ్యూయర్ హైడ్రోజన్‌ను ముందుగా ద్రవీకరించెను. అయినను ఓన్స్ ఓర్పు వీడలేదు. 1901లో పరికరములు చేయు యువకులకు పాఠశాల నెలకొల్పిరి. పనిముట్టు పట్టు చేతిని గౌరవించుట తెలిసిన ఆచార్యులు అరుదు.

1908 జులై 10న హీలియం ద్రవమయ్యెను. 1911 ఏప్రిల్‌లో సుమారు 4.2 కెల్విన్ వద్ద పాదరసపు నిరోధము హఠాత్తుగా అదృశ్యమయ్యెను. ఆ కొలతలు తీసినది ఆయన సహాయకుడు హోల్స్ట్. 1913లో నోబెల్ బహుమతి లభించెను. ఆ యేడే సీసపు తీగ చుట్టతో లక్ష గౌస్‌ల అయస్కాంతము నిర్మింపవచ్చునని ఓన్స్ ఆశించిరి. వేడి పుట్టని తీగలో ఎంత విద్యుత్తునైనను పంపవచ్చును గదా! కాని 1914లో తేలినది వేరు. సుమారు 600 గౌస్‌ల క్షేత్రము తగులగనే సీసమునకు నిరోధము మరల వచ్చెను. తీగ చుట్ట పుట్టించు క్షేత్రమే దాని అతివాహకత్వమును చంపుచున్నదన్నమాట. లక్ష ఎక్కడ, ఆరువందలెక్కడ? ఓన్స్ ఆ ఫలితమును దాచక ప్రకటించిరి. అదే సంవత్సరము మూసిన సీసపు చుట్టలో విద్యుత్తు ఏ ఆధారము లేకయే గంటల తరబడి తిరుగుట చూపిరి. 1926 ఫిబ్రవరి 21న కన్నుమూసిరి.

ఆయన కోరిన బలమైన అయస్కాంతములు 1960వ దశకమున నియోబియం మిశ్రమములతో సాధ్యమయ్యెను. వాటిలో క్షేత్రము సన్నని సుడులుగా చొచ్చుకొనిపోవును. ఆ సుడులు కదలక నిలిచినంతవరకు నిరోధము రాదు. నేడు శాస్త్రజ్ఞులు వెంట్రుకకన్న వేలరెట్లు సన్నని తీగలను పరీక్షించుచున్నారు. అంత సన్నని తీగ క్షేత్రమును పూర్తిగా బయటికి నెట్టజాలదు. కనుకనే మందపు లోహముకన్న ఎక్కువ క్షేత్రమును సహించును. అయితే ఉష్ణ కంపనముల వలన అతివాహక స్థితి ఎక్కడో ఒకచోట క్షణకాలము తెగుచుండును. అందుచేత నిరోధము ఒక్కసారిగా గాక మెల్లమెల్లగా తిరిగివచ్చును.