గిడుగు రామమూర్తిగారు – బాలుర భాషాభ్యసనము

గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారి పేరు వినినంతనే వ్యావహారిక భాషోద్యమము స్ఫురించుట సహజము. ఆనాటి పండితసభలును ఖండనమండనములును మన సాహిత్యచరిత్రలలో విపులముగా వర్ణింపబడినవి. కాని వారి వాదమునకు మూలము సభావేదిక కాదు, పాఠశాల. బాలుడు భాషను ఎట్లు గ్రహించును, బడి ఆ గ్రహణమునకు తోడ్పడునా, అడ్డుపడునా అను ప్రశ్నయే వారి సవరభాషాసేవను, తెలుగు వచనసంస్కరణమును కలుపు సూత్రము. ఈ సంబంధమునకు మన చరిత్రకారులు తగిన ప్రాధాన్య మియ్యలేదని నా అభిప్రాయము.

నాటి గంజాం జిల్లాలో, నేటి శ్రీకాకుళం జిల్లాలో, శ్రీముఖలింగ క్షేత్రమునకు సమీపమున నున్న పర్వతాలపేటలో 1863 ఆగస్టు 29వ తేదీన వారు జన్మించిరి. 1875లో తండ్రి వీర్రాజుగారు గతించుటచే విజయనగరములోని మేనమామగారి యింట చేరి చదువుకొనిరి. అచట గురజాడ అప్పారావుగారు వారి సహాధ్యాయి. 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయులైరి.

పర్లాకిమిడి తెలుగు, ఒడియా కలిసి వినబడు పట్టణము. చుట్టుపట్ల కొండలలో సవరలు నివసింతురు. తెలుగు తెలిసిన సవర నొకనిని ఇంట నుంచుకొని రామమూర్తిగారు ఆ భాషను నేర్చిరి. అది తెలుగువలె ద్రావిడభాష కాదు, ఒడియావలె ఆర్యభాషయు కాదు, ముండా కుటుంబమునకు చెందినది. అందు క్రియాపదములోనే నామము ఇమిడిపోవుట కలదు. కంఠములో శ్వాసను బిగబట్టి పలుకు ధ్వనులు కలవు, వానికి తెలుగు లిపిలో గుర్తులు లేవు. ఇంతటి జటిలవ్యాకరణమును అయిదారేండ్ల సవర బాలుడు ఎవరును బోధింపకయే తల్లి యొడిలో, తోడిపిల్లల ఆటలలో సాధించును. ఆ బాలుడే పరభాషలో నడచు బడికి వచ్చినచో ఏమియు రాని మూగవాడుగా కన్పట్టును. రామమూర్తిగారు సవరభాషలోనే వాచకములు వ్రాసి, స్వంత ధనముతో బడులు పెట్టి చదువు చెప్పించిరి. మదరాసు ప్రభుత్వము పారితోషిక మియ్యబూనగా, తమకు ధనము వలదనియు సవరలకు బడులు పెట్టుడనియు కోరిరి.

1907 ప్రాంతమున పాఠశాలల పర్యవేక్షకుడైన యేట్సుదొర, తెలుగువారు మాటాడు భాషకును పుస్తకముల భాషకును ఇంత భేద మేల యని అడుగుట ఉద్యమమునకు ప్రేరణ మయ్యెను. రామమూర్తిగారు హెన్రీ స్వీటు, యెస్పర్సనుల రచనలు చదివిరి. సవరబడిలో తాము చూచినదే, స్వల్పభేదముతో, తెలుగుబడిలోను కలదని గ్రహించిరి. కళింగాంధ్రపు పల్లెబాలుడు ఇంట పోనాడు అనును. పట్టణమునకు వచ్చి తోడివారితో మెలగి పోయాడు, వెళ్ళాడు అనుట తానే నేర్చును. పుస్తకము పోయెను అని వ్రాయుమనును. మొదటి రెండును చెవిచే వచ్చినవి, మూడవది సూత్రముచే రావలసినది. అర్ధానుస్వారము ఉచ్చారణలో లేదు. శకటరేఫమునకును సాధురేఫమునకును భేదము నేటి చెవికి తెలియదు. వినబడని దానిని బాలుడు కంఠస్థము చేయవలెను. పండితులు సైతము ఆ నియమములను తప్పుచుండిరని రామమూర్తిగారు వారి గ్రంథములనుండియే చూపిరి. గ్రాంథికచ్ఛాయలో ఈ వ్యాసము వ్రాయుచున్న నేనును ఆ పరీక్షలో నెగ్గుదునని చెప్పజాలను.

నేటి సామాజిక భాషాశాస్త్రము ఈ విషయమును మరింత స్పష్టము చేసినది. శిశువు తల్లిదండ్రుల పలుకుతో ఆరంభించును. బడియీడు వచ్చిన పిదప తోడివారి పలుకు బలవత్తర మగును. యౌవనారంభమున ఎవరి ఎదుట ఎట్లు మాటాడవలెనో నిర్ణయించుకొను నేర్పు అలవడును. భాషాభేదములు బాలునకు భారములు కావు. సహజమైన రూపమును తప్పని నిందించుటయే భారము.

జయంతి రామయ్యపంతులుగారి ప్రతివాదమును తేలికగా త్రోసివేయరాదు. మాండలికము లనేకములైనపుడు అందరికి నొక్క రూపము ఉండవలె ననుట న్యాయమే. దానికి రామమూర్తిగారు శిష్టవ్యావహారికమును చూపిరి. కాని ఆ శిష్టులు విద్యావంతులైన కొన్ని వర్గములవారే. పోనాడు అను కూలివాని బిడ్డకు మెట్టు తగ్గినదేగాని తొలగిపోలేదు. ఈ లోపమును దాచిపెట్టుట వారికి గౌరవము కాదు.

పాఠశాల పరీక్షలలో ఆధునికశైలికి ప్రభుత్వము మొదట అనుమతించి, 1915 నాటికి వెనుకకు తీసికొనెను. 1919లో వారు తెలుగు అను పత్రికను స్థాపించిరి, అది చిరకాలము సాగలేదు. సవరభాషాపరిశ్రమ మాత్రము కుమారులు సీతాపతిగారి తోడ్పాటుతో సాగెను. వ్యాకరణము 1931లోను, సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లోను వెలువడినవి. 1936లో పర్లాకిమిడి ఒరిస్సా రాష్ట్రములో చేరగా, ఐదున్నర దశాబ్దములు నివసించిన ఊరు విడిచి రాజమహేంద్రవరము చేరిరి. 1940 జనవరి 22న పరమపదించిరి. సవరతో పాటు మరికొన్ని గిరిజనభాషలలో ప్రాథమిక బోధనను ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2004లోను, ఒడిశా ప్రభుత్వము 2007లోను ఆరంభించినవి.