11 టన్నుల అయస్కాంతం.. రెండే రెండు ఫొటోలు: నోబెల్ గ్రహీత బ్లాకెట్ గురించి తెలుసా?

బ్రిటన్ భౌతిక శాస్త్రవేత్త ప్యాట్రిక్ బ్లాకెట్ 1974 జూలై 13న కన్నుమూశారు. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో రక్షణ రంగ పరిశోధనపై నెహ్రూకు సలహాలిచ్చింది ఈయనే. ఫిజిక్స్ వాళ్లకు మాత్రం ఆ పేరు చెప్పగానే గుర్తొచ్చేది ఓ భారీ అయస్కాంతం.

1897లో లండన్‌లో పుట్టిన బ్లాకెట్ మొదట నేవీ ఆఫీసర్. 1916 జట్లాండ్ యుద్ధంలోనూ ఉన్నారు. తర్వాత కేంబ్రిడ్జ్‌లో రూథర్‌ఫర్డ్ దగ్గర చేరి క్లౌడ్ ఛాంబర్ పని పట్టారు. కణం వెళ్లిన దారిని సన్నటి తెల్లగీతలా చూపించే పెట్టె అది. 20 వేలకు పైగా ఫొటోలు తీస్తే, నైట్రోజన్ ఆక్సిజన్‌గా మారిన దృశ్యాలు దొరికింది ఎనిమిదే!

అసలు చిక్కు కాస్మిక్ కిరణాలతో వచ్చింది. ఆవేశమున్న కణం అయస్కాంత క్షేత్రంలో వంగుతుంది. ధనావేశమైతే ఒకవైపు, రుణావేశమైతే ఇంకోవైపు. ఎంత తక్కువ వంగితే అంత ఎక్కువ మొమెంటం ఉన్నట్టు. ఆకాశం నుంచి దూసుకొచ్చే ఈ కణాలు మామూలు అయస్కాంతానికి లొంగితేగా!

అందుకే 1933లో లండన్ బిర్క్‌బెక్ కాలేజీకి మారాక 11 టన్నుల విద్యుదయస్కాంతం సిద్ధం చేయించారు. చెప్పినంత తేలిక కాదిది. ధ్రువాల మధ్య ఖాళీ తగ్గిస్తే క్షేత్రం బలపడుతుంది, కానీ ఛాంబర్ పట్టదు. ఖాళీ పెంచితే ఇనుము, రాగి చుట్టలు, కరెంటు అన్నీ పెరగాలి. పైగా చుట్టల వేడి తగిలితే ఛాంబర్‌లో గ్యాస్ కదిలిపోయి, తిన్నగా ఉన్న గీత కూడా వంగినట్టు కనిపిస్తుంది. అప్పుడు కొలిచేది లేని వంపునే.

1937లో బ్లాకెట్ మాంచెస్టర్ వెళ్లారు, అయస్కాంతమూ వెళ్లింది. యుద్ధం అయ్యాక దాని దగ్గరే రోచెస్టర్, బట్లర్ పనిచేశారు. 1946 అక్టోబర్ 15న ఒకటి, 1947 మే 23న ఇంకొకటి.. వింత ఆకారంలో చీలిన గీతల ఫొటోలు పడ్డాయి. అవి ఎవరికీ తెలియని కొత్త కణాలవి. ఇప్పుడు వాటిని కేయాన్లు అంటున్నారు. 1948లో బ్లాకెట్‌కు నోబెల్ వచ్చింది కానీ, మూడో ఫొటో మాత్రం ఎంతకీ దొరకలేదు. చివరికి కాస్మిక్ కణాలు ఎక్కువగా తగిలే ఎత్తు కోసం, ఆ 11 టన్నుల ఇనుమును ఫ్రాన్స్‌లోని పిక్ డు మిడి పర్వతం పైకి ఎక్కించారు.