ప్రజాపాఠశాలల పోషకుడు హోరేస్ మాన్

అమెరికా సంయుక్త రాష్ట్రములలోని మసాచుసెట్స్ రాష్ట్రమున ఫ్రాంక్లిన్ అను ఊరు కలదు. పూర్వమది చిన్న వ్యవసాయ గ్రామము. 1778లో ఆ గ్రామస్థులు తమ ఊరికి సుప్రసిద్ధుడగు బెంజమిన్ ఫ్రాంక్లిన్ పేరు పెట్టుకొనిరి. పిదప తమ ప్రార్థనాలయమునకొక గంటను దయచేయుమని ఆయనను కోరిరి. ఆయన గంటకు మారుగా 116 గ్రంథములను పంపెను. 1790లో గ్రామసభవారు వానిని ఊరివారందరికిని ఉచితముగా చదువనిచ్చుటకు తీర్మానించిరి. ఆ గ్రంథములు చదివి పెరిగిన బాలుడే అమెరికా ప్రజావిద్యకు పితామహుడని పేరొందిన హోరేస్ మాన్.

ఆయన 1796 మే 4వ తేదీన సామాన్య రైతు కుటుంబమున జన్మించెను. పదుమూడవ యేట పితృవియోగము కలిగెను. పొలము పనియు, టోపీలకై గడ్డి జడలల్లు పనియు తీరిక నిచ్చెడివి కావు. ఏడాదిలో పది వారములకు మించి బడికి పోవు అవకాశము లేకుండెను. ఆ లోటును గ్రామ గ్రంథాలయము కొంతవరకు పూడ్చెను. 1816లో బ్రౌన్ విశ్వవిద్యాలయమున చేరి, 1819లో పట్టభద్రులలో అగ్రగణ్యుడుగా వెలువడెను. అనంతరము న్యాయవాదియై, శాసనసభ్యుడై, రాష్ట్ర సెనేటునకు అధ్యక్షుడయ్యెను.

1837లో ఆ రాష్ట్రమున విద్యామండలి ఏర్పడగా, మాన్ తన న్యాయవాద వృత్తిని విడిచి దానికి కార్యదర్శియయ్యెను. అది అధికారము లేని పదవి. బడికి ధనమిచ్చుటయు, ఉపాధ్యాయుని నియమించుటయు ఊరివారి చేతిలోనివి. కలిమిగలవారు తమ బిడ్డలను వేరు పాఠశాలలకు పంపుకొని, పరుల బిడ్డల చదువుకు తామేల పన్ను చెల్లింపవలెనని వాదించుచుండిరి. ఏ తరమువారి ఆస్తియు కేవలము వారి స్వార్జితము కాదనియు, పూర్వులనుండి వచ్చిన దానిని ముందు తరమునకు అప్పగింపవలయుననియు, కావున ఊరిలోని ప్రతి బిడ్డకును చదువు చెప్పించుట ఆస్తిపైనున్న ఋణమనియు మాన్ బోధించెను.

ఐదువందల కుటుంబములున్న ప్రతి ఊరును ఉన్నత విద్య గరపు ఉపాధ్యాయుని పోషింపవలెనని 1827లోనే శాసనము చేయబడెను. బీజగణితము, క్షేత్రగణితము, భూమి కొలత, జమాఖర్చు లెక్కలు, దేశచరిత్ర అందు బోధనీయములు. కాని పెక్కు ఊళ్ళు దానిని లక్ష్యపెట్టలేదు. మాన్ ఊరూర తిరిగి సభలు జరిపెను. ఒక్కొక్క బిడ్డకు ఏ ఊరు ఎంత వ్యయపరచుచున్నదో వరుసక్రమమున పట్టికలు వేసి ప్రకటించెను. అడుగున నిలిచిన ఊళ్ళకు అది అవమానమయ్యెను. ఆయన కార్యదర్శిత్వమున సుమారు 50 ఉన్నత పాఠశాలలు వెలసెను. 1839లో లెక్సింగ్టన్‌లో ఉపాధ్యాయ శిక్షణ పాఠశాల తెరువబడిన నాడు చేరినవారు ముగ్గురు యువతులు మాత్రమే. అయినను ఆయన అధైర్యపడలేదు.

విరోధులు లేకపోలేదు. 1840లో విద్యామండలినే రద్దుచేయ యత్నించి శాసనసభలో కొందరు విఫలులైరి. బడిలో తమ మతశాఖ సిద్ధాంతములు బోధింపబడుట లేదని మరికొందరు నిందించిరి. పిల్లలను దండించుటను ఆయన నిరసించినందుకు బోస్టను ఉపాధ్యాయులు కొందరు కినుక వహించిరి. ఆయన పండ్రెండు వార్షిక నివేదికలు వ్రాసి, 1848లో ఆ పదవి విడిచి, అమెరికా కాంగ్రెసులో సభ్యుడై బానిసత్వమునెదిరించెను. 1853లో ఒహాయో రాష్ట్రమున ఆంటియాక్ కళాశాలకు అధ్యక్షుడై, స్త్రీ పురుషులకు సమముగా విద్య నొసగెను. 1859 ఆగస్టు 2వ తేదీన పరమపదించెను.

మాన్ ఊళ్ళకు తన సొమ్ముతో బడులు కట్టి యిచ్చిన దాత కాడు; ఊరివారిచేతనే బడులు కట్టించిన కార్యదక్షుడు. ఊరివారు తమదిగా భావించి పోషించుకొన్నదే నిలుచును. పాఠశాలకైనను, ఇరువదియైదేండ్లు నిండిన మన గ్రంథాలయమునకైనను ఇదియే ఆధారము.