వైద్యగ్రంథసూచీ నిర్మాత జాన్ షా బిల్లింగ్సు

అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఒహాయో నదీతీరమున సిన్సినాటి అను నగరము కలదు. 1860వ సంవత్సర ప్రాంతమున అచటి వైద్య కళాశాలలో ఒక పేద విద్యార్థి చదువుచుండెను. పట్టము పొందగోరు ప్రతి విద్యార్థియు ఏదో యొక విషయమును పరిశోధించి వ్యాసము వ్రాసి సమర్పింపవలసి యుండెను. ఈ విద్యార్థి మూర్ఛరోగమునకు చేయు శస్త్రచికిత్సను గూర్చి వ్రాయబూనెను. అట్టి చికిత్సలు అంతవరకు ఎన్ని జరిగినవి? ఎందరు బ్రదికిరి? ఎందరు మరణించిరి? బ్రదికిన వారిలో ఎందరికి రోగము కుదిరినది? ఇవి తెలిసినగాని ఆ చికిత్స మేలైనదో కాదో తేలదు. ఎచటనో ఒక వైద్యుడు చికిత్స చేసి, ఫలితమును ఏదో యొక పత్రికలో ప్రకటించియే యుండును. కాని అది ఏ పత్రిక? ఏ సంవత్సరము? ఏ పుట?

ఆ వివరములకై అతడు దాదాపు ఆరునెలలు వెదకెను. ఊరిలో దొరకిన గ్రంథములన్నియు తిరుగవేసెను. ఫిలడెల్ఫియా, న్యూయార్కు నగరముల గ్రంథాలయములలో గూడ వెదకులాట సాగెను. ఉత్తరములు వ్రాసి తెలిసినవారి నడిగెను. వేయి సంపుటములలో ఒక చిన్న విషయమును వెదకుట ఎంతటి శ్రమయో, గ్రంథముల చివరనుండు అకారాది సూచికలు ఎంత నమ్మరానివో అతనికి అనుభవము మీద తెలిసెను. ప్రపంచమున లక్షకు మించిన వైద్య సంపుటములు ఎచటెచటనో పడియున్నవి. వాని నన్నిటిని ఒక్కచోట జేర్చిన గ్రంథాలయము భూమిపై ఎచటను లేదు. అమెరికాలోనైతే ఒక విషయమును గూర్చిన గ్రంథములలో ఎక్కువ భాగమైనను దొరకు చోటు లేకుండెను. వ్యాసము ఎట్లో ముగిసెను. 1860లో పట్టము లభించెను. కాని ఆ ఆరునెలల కష్టమును అతడు మరువలేదు. ఆ విద్యార్థియే జాన్ షా బిల్లింగ్సు.

బిల్లింగ్సు 1838వ సంవత్సరము ఏప్రిలు 12వ తేదీన ఇండియానా రాష్ట్రములోని ఒక పల్లెప్రాంతమున జన్మించెను. చిన్ననాటనే అతనికి పుస్తకములనిన ప్రాణము. లాటిను భాషను చాలవరకు తనంతట తానే నేర్చుకొనెను. తండ్రి ధనవంతుడు కాడు. తనను కళాశాలకు పంపినచో ఆస్తిలో తనకు భాగమక్కరలేదనియు, అది యంతయు సోదరికే చెందవచ్చుననియు ఆ బాలుడు తండ్రితో ఒప్పందము చేసికొనెను. ఆ వయసున ఇట్టి బేరము కుదుర్చుకొనువారు అరుదు. ఒహాయోలోని మయామి విశ్వవిద్యాలయమున చదివి 1857లో పట్టభద్రుడయ్యెను. తరువాత వైద్యకళాశాలలో నున్న కాలమున చేత డబ్బు లేక, అతి స్వల్పమైన ఆహారముతో దినములు గడపెను.

1861లో అమెరికాలో ఉత్తర దక్షిణ రాష్ట్రములకు అంతర్యుద్ధము సంభవించెను. బిల్లింగ్సు ఉత్తర సైన్యమున వైద్యుడుగా చేరెను. 1863 జూలైలో గెటిస్‌బర్గు వద్ద జరిగిన ఘోరసంగ్రామమున, క్షతగాత్రులకు విరామమెరుగక శస్త్రచికిత్సలు చేసెను. 1864 చివర వాషింగ్టను నగరములోని సైనిక వైద్యశాఖ ప్రధాన కార్యాలయమునకు అతనిని మార్చిరి. అచట పెక్కు పనులతో బాటు ఒక చిన్న గ్రంథాలయము గూడ అతని వశమయ్యెను. 1836లో ఆ కార్యాలయపు అధికారుల వాడుకకై నెలకొల్పిన గ్రంథాలయమది. అందు అప్పటికి సుమారు రెండువేల సంపుటములు మాత్రమే యుండెను. ఇతరుల కంటికి అది కార్యాలయములోని పుస్తకాల బీరువా. బిల్లింగ్సునకు మాత్రము అది చిరకాలము ఎదురుచూచిన అవకాశము.

యుద్ధము ముగిసెను. సైనిక వైద్యశాలలు మూతపడగా వాని నిధులలో సుమారు 80,000 డాలర్లు మిగిలెను. ఆ ధనమును గ్రంథాలయమునకు వినియోగింప అనుమతి లభించెను. కాని ధనముతోనే సర్వము సమకూరదు. పాత వైద్యపత్రికలు అంగళ్లలో అమ్మబడునవి కావు. బిల్లింగ్సు ఊరూరి వైద్యులకును, వైద్యసంఘములకును, విదేశములందలి ప్రతినిధులకును ఉత్తరములు వ్రాసెను. అటుకలమీద మూలబడియున్న సంచికలను పంపుడని వేడుకొనెను. రెండేసి ప్రతులున్నవానిని ఇచ్చి, లేనివానిని మార్చుకొనెను. 1895 నాటికి ఆ గ్రంథాలయమున లక్షకు మించిన సంపుటములును, అంతకంటె ఎక్కువగ చిన్న పుస్తకములును చేరినవి.

ఇన్ని గ్రంథములనుంచిన భవనమునకు ఒక విషాదచరిత్ర కలదు. అది ఫోర్డు నాటకశాల. 1865 ఏప్రిలు 14వ తేదీ రాత్రి అధ్యక్షుడు అబ్రహాం లింకను అచటనే కాల్పులకు గురియయ్యెను. పిదప ప్రభుత్వము ఆ నాటకశాలను స్వాధీనము చేసికొని కార్యాలయముగ మార్చి, గ్రంథాలయమును అందుంచెను. 1887లో గ్రంథాలయము క్రొత్త భవనమునకు తరలిపోయెను. ఆరేండ్ల తరువాత, 1893లో, ఆ పాత కట్టడపు లోపలి అంతస్తులు కూలి 22 మంది ఉద్యోగులు మరణించిరి.

పుస్తకములను ప్రోగుచేయుట పనిలో సగమే. సిన్సినాటిలో తాను పడిన కష్టము పుస్తకములు లేనందువలన మాత్రమే కలిగినది కాదు. ఏ పుస్తకములో ఏమున్నదో తెలియనందువలన గూడ కలిగినది. గ్రంథముల పేర్లు వ్రాసిన పట్టికలు లోకములో లేకపోలేదు. కాని వైద్యమున క్రొత్త సంగతులు మొదట వెలువడునది పత్రికలలో. ఒక్కొక్క సంచికలో పదియో ఇరువదియో వ్యాసములుండును. వానిలో ప్రతిదానికిని విడివిడిగా చోటు గల సూచిక కావలెను. గ్రంథకర్త పేరు తెలిసినవానికి పేరు క్రిందను, విషయము మాత్రమే తెలిసినవానికి విషయము క్రిందను, అది ఒక్క అకారాది క్రమములోనే దొరకవలెను. బిల్లింగ్సు పూనుకొనిన పని ఇది.

పని జరిగిన తీరు ఇట్టిది. దేశదేశముల నుండి వచ్చు పత్రికలను బిల్లింగ్సు తానే చూచెను. సూచికలో చేర్చదగిన వ్యాసములను పెన్సిలుతో గుర్తించెను. పగలు కార్యాలయపు పని తీరదు గనుక, రాత్రులు ఇంటివద్ద పత్రికల గుట్టలు ముందిడుకొని కూర్చుండెడివాడు. అతడు గుర్తించిన ప్రతి వ్యాసమునకు గుమాస్తాలు ఒక్కొక్క కార్డు వ్రాసిరి. వ్యాసకర్త పేరు, వ్యాసము పేరు, పత్రిక, సంపుటము, సంవత్సరము, పుట అందుండును. తరువాత ఆ కార్డు ఏ శీర్షిక క్రింద చేరవలెనో నిర్ణయింపవలెను. కష్టమంతయు ఇచటనే యున్నది. ఒకే రోగమునకు ఒక్కొక్క దేశమున ఒక్కొక్క పేరు. ఒకే దేశమున పాత పేరొకటి, క్రొత్త పేరొకటి. ఏదో యొక పేరును స్థిరపరచి, తక్కిన పేర్లు చూచువానిని ఆ శీర్షికకు మరలింపనిచో, కార్డు ఉండియు లేనిదే యగును. మూర్ఛరోగము వంటి పెద్ద శీర్షికను మరల భాగించి, కారణములను వేరుగను, చికిత్సలను వేరుగను కూర్చవలెను. ఈ పనిలో రాబర్టు ఫ్లెచరు అను వైద్యుడు అతనికి కుడిభుజమై నిలిచెను. ప్రూఫులు దిద్దుటలో ఆయన ఓర్పు అసాధారణము.

అచ్చయిన వ్యాసములలో పనికిమాలినవి చాల గలవని బిల్లింగ్సు ఎరుగును. ఒకరు చెప్పినదే మరియొకరు చెప్పుదురు. అయినను సరుకు తక్కువని తోచినంతనే అతడు దేనిని త్రోసివేయలేదు. నేడు వ్యర్థముగ కనబడునది రేపు మరియొకనికి అక్కరకు రావచ్చును గదా!

1876లో అతడు కొన్ని పుటలను మాదిరిగ అచ్చు వేయించి వైద్యులకు పంపి, వారి అభిప్రాయములు కోరెను. వైద్యుల మద్దతును చూపి శాసనసభవారిని ముద్రణవ్యయమునకు ఒప్పించెను. మొదటి సంపుటము 1880లో వెలువడెను. కాని అకారాది క్రమమున అచ్చువేయుటలో ఒక చిక్కు కలదు. మొదటి అక్షరముల సంపుటము అచ్చయిన మరునాడే ఆ అక్షరములకు చెందిన క్రొత్త వ్యాసములు పుట్టును. చివరి అక్షరము వచ్చుసరికి మొదటిది పాతబడిపోవును. అందువలన బిల్లింగ్సును ఫ్లెచరును 1879లోనే ఇండెక్సు మెడికసు అను మాసపత్రికను ప్రారంభించి, క్రొత్తగ వచ్చిన వైద్యవ్యాసముల పట్టికను నెలనెలా అందించిరి. దానివలన లాభము రాలేదు సరికదా, నష్టమే కలిగెను. మహాసూచిక మాత్రము ఆగక సాగి, 1895 నాటికి 16 బృహత్సంపుటములతో మొదటి శ్రేణి పూర్తియయ్యెను. అందు పత్రికావ్యాసముల సూచనలే అయిదు లక్షలకు పైగా నున్నవి. పూర్వము ఆరునెలలు వెదకిన విషయమునకు ఇప్పుడు ఒక సంపుటము తీసి, ఒక శీర్షిక చూచిన చాలును.

ఇంతలో మరియొక ముఖ్యవిషయము జరిగినది. 1880 జనాభా లెక్కలలో జననమరణముల వివరములు బిల్లింగ్సు పర్యవేక్షణమున సిద్ధమగుచుండెను. కోట్లమందిని గూర్చిన కాగితములను గుమాస్తాలు చేతితో లెక్కించుచుండిరి. వయసును బట్టి ఒకసారి, వృత్తిని బట్టి ఒకసారి, రోగమును బట్టి మరియొకసారి అవే కాగితములను తిరుగవేయవలసి వచ్చెను. ఈ పనిని యంత్రముచే చేయింపవచ్చునని బిల్లింగ్సు ఆ శాఖలోని హెర్మను హోలెరిత్ అను యువకునకు సూచించెను. ఒక్కొక్క మనిషికి ఒక్కొక్క కార్డు నుంచి, అతని వివరములను దానిపై గుర్తులుగా చేయుట ఆ యూహ. హోలెరిత్ దానిని పట్టుకొని ఏండ్ల తరబడి శ్రమించెను. కార్డులో రంధ్రమున్నచోట సన్నని కడ్డీ దిగి క్రింది గిన్నెలోని పాదరసమును తాకును. విద్యుత్తు ప్రవహించి లెక్కముల్లు ఒక అంకె జరుగును. 1890 జనాభా లెక్కలను ఈ యంత్రములతోనే లెక్కించిరి. పనిలో పాలు పంచుకొమ్మని హోలెరిత్ కోరినను బిల్లింగ్సు అంగీకరింపలేదు. సమస్య తీరుటయే అతనికి కావలసినది. హోలెరిత్ 1896లో స్థాపించిన సంస్థ 1911లో మరికొన్నిటితో కలిసి, 1924లో ఐ.బి.ఎం. అను పేరు దాల్చెను.

బాల్టిమోరులోని జాన్సు హాప్కిన్సు వైద్యశాలకు ప్లాను సిద్ధపరచినదియు బిల్లింగ్సే. అది 1889లో ప్రారంభమయ్యెను. 1895లో సైనికోద్యోగమును విరమించి, మరుసటి ఏడు న్యూయార్కు పౌరగ్రంథాలయమునకు అధిపతి అయ్యెను. ఆ నగరములోని ప్రధాన గ్రంథాలయ భవనమునకు తొలి రూపురేఖలను అతడు ఒక చిన్న కాగితముముక్కపై గీచెను. ఆ భవనము 1911లో తెరువబడెను. అతడు న్యూయార్కులో నుండగా, 1899లో ధనము లేక ఇండెక్సు మెడికసు ఆగిపోయెను. వాషింగ్టనులోని కార్నెగీ పరిశోధనసంస్థ సాయముతో 1903లో అది తిరిగి బయలువెడలెను. ఆ సంస్థ పాలకవర్గమునకు అప్పుడు అధ్యక్షుడు బిల్లింగ్సే.

1912లో భార్య మరణించెను. 1913 మార్చి 11వ తేదీన బిల్లింగ్సు కన్నుమూసెను. సైనికుల సమాధిస్థలమైన ఆర్లింగ్టనులో అతనిని ఖననము చేసిరి. శస్త్రచికిత్సలో మత్తుమందు వాడుకను లోకమునకు చూపిన దేశము అమెరికా. అయినను వైద్యమునకు అమెరికా చేసిన సేవలలో ఈ గ్రంథాలయమును, దాని సూచికయునే మిన్నయని విలియం వెల్చి అను ప్రసిద్ధ వైద్యాచార్యుడు తలచెను.

ఆ గ్రంథాలయము 1956లో జాతీయ వైద్యగ్రంథాలయమను పేరు పొందెను. కార్డులు వ్రాసి కూర్చు పని పెరిగి పెరిగి మనుషుల చేతికి అందనిదికాగా, 1964లో ఆ పనిని కంప్యూటరునకు అప్పగించిరి. బిల్లింగ్సు నాటిన రెండు మొక్కలు, సూచికయు లెక్కయంత్రమును, ఆ విధముగ ఒక్కచోట కలిసినవి. 1971లో దూరప్రాంతముల నుండి తంతిమూలమున వెదకు సౌకర్యము వచ్చెను. 1997లో పబ్‌మెడ్ అను పేర అది ఎల్లరకు ఉచితమయ్యెను. అందు నేడు మూడున్నర కోట్లకు మించిన సూచనలున్నవి. అచ్చుప్రతిగ వెలువడుచుండిన ఇండెక్సు మెడికసు 2004తో నిలిచిపోయెను. విశాఖపట్టణములోని వైద్యవిద్యార్థి నేడు మూర్ఛ, శస్త్రచికిత్స అను రెండు మాటలను ఇంగ్లీషులో కొట్టినచో, ఒక్క నిమిషములో వేలకొలది వ్యాసముల పేర్లు పత్రిక, సంవత్సరము, పుట సంఖ్యలతో అతని యెదుట నిలుచును.