హార్వర్డ్ కాదంది.. లోకానికి మందులిచ్చారు
భీమవరం బిడ్డ యల్లాప్రగడ సుబ్బారావు ప్రస్థానం

భీమవరం: ఏళ్ల తరబడి చాకిరీ చేసిన సంస్థే శాశ్వత కొలువు ఇవ్వబోమంటే ఎవరైనా కుంగిపోతారు. డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావుకు నలభై అయిదేళ్ల వయసులో ఆ అనుభవం ఎదురైంది. ప్రపంచ ప్రఖ్యాత హార్వర్డ్ విశ్వవిద్యాలయం ఆయనకు తలుపులు మూసింది. ఆ తర్వాత మిగిలిన ఎనిమిదేళ్లలోనే ఆయన మానవాళికి చిరకాలం ఉపయోగపడే ఔషధాలను అందించారు.

తొలి నుంచీ తిరస్కారాలే..
సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. పేదరికం ఆ కుటుంబాన్ని వెంటాడింది. పదమూడేళ్ల ప్రాయంలో యాత్రికులకు అరటిపండ్లు అమ్మి డబ్బు సంపాదించాలని కాశీకి బయలుదేరగా, పెద్దలు వెనక్కి తీసుకువచ్చారు. మెట్రిక్యులేషన్‌లో రెండుసార్లు తప్పి, మూడో ప్రయత్నంలో మద్రాసు హిందూ హైస్కూలు నుంచి గట్టెక్కారు. ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియట్ పూర్తిచేసి మద్రాసు వైద్య కళాశాలలో చేరారు. మిత్రుల సాయం, తర్వాత మామగారైన కస్తూరి సూర్యనారాయణమూర్తి ఆదరణ ఆయన చదువును నిలబెట్టాయి.

గాంధీజీ పిలుపునందుకొని ఖద్దరు వస్త్రాలతో శస్త్రచికిత్స తరగతికి హాజరు కావడం ఆంగ్లేయ ఆచార్యునికి రుచించలేదు. ఫలితంగా ఎంబీబీఎస్ పట్టాకు బదులు తక్కువ స్థాయి ఎల్ఎంఎస్‌తో సరిపెట్టుకోవాల్సి వచ్చింది. మద్రాసు వైద్య సర్వీసులో ఉద్యోగానికి ప్రయత్నించినా ఫలించలేదు. చివరకు డాక్టర్ ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్ర అధ్యాపకులుగా చేరారు. తోడబుట్టినవారిని బలిగొన్న స్ప్రూ వ్యాధి ఆయననూ పట్టిపీడించింది. ఆ వ్యాధి మూలం కనిపెట్టాలన్న పట్టుదల అప్పుడే నాటుకుంది.

బోస్టన్‌లో రాత్రి కూలీ
కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ ఇచ్చిన హామీ, మామగారు సమకూర్చిన ధనంతో సుబ్బారావు అమెరికా చేరుకున్నారు. భార్య శేషగిరి స్వదేశంలోనే ఉండిపోయారు. ఆయన వెళ్లిన తర్వాత పుట్టిన కుమారుడు పసితనంలోనే కన్నుమూశాడు. ఆ దంపతులు మళ్లీ కలుసుకోలేదు.

హార్వర్డ్‌లో ఉష్ణమండల వ్యాధుల డిప్లొమా చదువుతూ, పొట్ట గడవడానికి ఆసుపత్రిలో రాత్రివేళ రోగుల మలమూత్ర పాత్రలు శుభ్రం చేశారు. అనంతరం సైరస్ ఫిస్కే ప్రయోగశాలలో చేరారు. శరీర ద్రవాల్లో భాస్వరాన్ని లెక్కగట్టే పద్ధతిని ఇద్దరూ కలిసి 1925లో ప్రకటించారు. జీవరసాయన విద్యార్థులు నేటికీ దాన్ని ఫిస్కే-సుబ్బారావు పద్ధతిగానే చదువుతున్నారు. 1927లో కండరాల్లోని ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో జీవకణానికి శక్తినిచ్చే ఏటీపీని వెలుగులోకి తెచ్చారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ సైతం విడిగా ఏటీపీని కనుగొన్నారు. 1930లో సుబ్బారావుకు పీహెచ్‌డీ లభించింది.

మూసుకున్న తలుపు
ఇంత చేసినా ఆయన స్థానం తాత్కాలికంగానే మిగిలింది. పత్రాలపై ముందుండే పేరు ఫిస్కేది. సుబ్బారావు మాత్రం పరాయి దేశస్థుడు, ప్రచారానికి దూరంగా మసలే స్వభావి. దాదాపు పదిహేడేళ్ల సేవ తర్వాత కూడా శాశ్వత నియామకాన్ని హార్వర్డ్ నిరాకరించింది. దీంతో 1940లో న్యూయార్క్ రాష్ట్రం పెర్ల్ రివర్‌లోని లెడర్లీ పరిశోధనాలయంలో చేరారు. అనతికాలంలోనే అక్కడి పరిశోధనా విభాగానికి సారథి అయ్యారు.

ఎనిమిదేళ్లు.. ఎన్నో మందులు
విశ్వవిద్యాలయంలో దక్కని వనరులు, సిబ్బంది ఇక్కడ సమకూరాయి. ఆయన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. తన ఇంట విషాదం నింపిన స్ప్రూ వ్యాధికి అదే మందు కావడం విశేషం. గర్భిణులకు నేడు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఇచ్చే ఐరన్ మాత్రల్లో ఉన్నదీ ఈ ఫోలిక్ ఆమ్లమే.

బోదకాలు క్రిములను హతమార్చే హెట్రజాన్ 1947లో వెలువడింది. డీఈసీ పేరుతో వ్యవహరించే ఈ మందు గోదావరి జిల్లాల వారికి సుపరిచితం. 2004లో దేశవ్యాప్తంగా విస్తరించిన సామూహిక ఔషధ పంపిణీలో ఇంటింటికీ అందజేసింది ఈ మాత్రలే. టెట్రాసైక్లిన్ తరగతిలో మొట్టమొదటిదైన ఆరియోమైసిన్‌ను బెంజమిన్ డగ్గర్ కనుగొన్నదీ సుబ్బారావు సారథ్యంలోని ఈ పరిశోధనాలయంలోనే. దాన్ని 1948లో లోకానికి ప్రకటించారు.

మళ్లీ బోస్టన్‌కే..
రక్త క్యాన్సర్‌తో పిల్లలు రాలిపోతున్న రోజులవి. బోస్టన్ బాలల ఆసుపత్రి వైద్యుడు, హార్వర్డ్ అధ్యాపకుడు అయిన సిడ్నీ ఫార్బర్ సాయం కోసం లెడర్లీని ఆశ్రయించారు. సుబ్బారావు బృందం రూపొందించిన అమినోప్టెరిన్‌ను అక్కడికి పంపారు. మందు పుచ్చుకున్న 16 మంది చిన్నారుల్లో 10 మందికి వ్యాధి తాత్కాలికంగా తగ్గుముఖం పట్టినట్లు 1948 జూన్‌లో ఫార్బర్ ప్రకటించారు. క్యాన్సర్ రసాయన చికిత్సలో అదొక మైలురాయి. తనను వద్దనుకున్న విద్యాసంస్థకు చెందిన వైద్యుడికే ఆయన పరిశోధన ఆధారమైంది. దాని సోదర ఔషధమైన మెథోట్రెక్సేట్‌ను క్యాన్సర్‌కు, కీళ్లవాతానికి నేటికీ వాడుతున్నారు.

ఆ ప్రకటన వెలువడిన రెండు నెలలకే, 1948 ఆగస్టు 8న, సుబ్బారావు నిద్రలో గుండెపోటుతో తుదిశ్వాస విడిచారు. అప్పటికి ఆయన వయసు 53 ఏళ్లు. శతజయంతి సందర్భంగా 1995లో తపాలా శాఖ ఆయన చిత్రంతో స్టాంపు విడుదల చేసింది. ఒక శిలీంధ్రానికి శాస్త్రవేత్తలు సుబ్బారోమైసిస్ అని నామకరణం చేశారు. ఆయన పుట్టిన భీమవరం 2022 ఏప్రిల్‌లో పశ్చిమగోదావరి జిల్లా కేంద్రమైంది. ఫోలిక్ ఆమ్లం, డీఈసీ మాత్రలు మింగిన లక్షలాది మంది జిల్లావాసులు ఆయనకు ఎంతగానో రుణపడి ఉన్నారు.